ఆకు వచ్చే వేళ

కువైట్లో మధ్యాహ్నం పూట ఇల్లు నిద్రపోతుంది. భోజనాలయ్యాక పెద్దవాళ్లు తమ గదుల్లోకి వెళ్లిపోతారు. పిల్లలు తలుపులు వేసుకుంటారు. ఏసీల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. అసర్ నమాజు పిలుపు దాటాక మళ్లీ ఒక్కొక్క తలుపే తెరుచుకుంటుంది. ఆ నిద్రలో పనిమనిషికి భాగం లేదు. గిన్నెలు కడగాలి, ఇస్త్రీ చెయ్యాలి. నాకైతే యుమ్మా గదిలో కూర్చోవడం కూడా పనే.

యుమ్మా అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆమె నా యజమానురాలికి తల్లి. యజమానురాలిని నేను మామా అనేదాన్ని, అక్కడ పనిచేసే ఆడవాళ్లందరూ అలాగే అంటారు. ముసలావిడను మాత్రం ఇంట్లో అందరితో పాటు నేనూ యుమ్మా అనే పిలిచాను. పక్షవాతం వచ్చి ఆమెకి ఎడమ పక్క పడిపోయింది. మాట పోలేదు గాని, పగలు రాత్రి తారుమారయ్యాయి. తెల్లవారుజాము నమాజు వినిపించాక నిద్రలోకి జారుకుంటే మళ్లీ మగ్రిబ్ పిలుపుకి, పొద్దు గూకే వేళకి గాని సరిగా కళ్లు తెరిచేది కాదు. తిండి, మందులు, స్నానం అన్నీ మగతలోనే జరిగేవి. ఇంట్లో వాళ్లు పనులు ముగించుకుని పడుకునే వేళకి ఆమెకి కబుర్లు మొదలయ్యేవి. వినడానికి నేనొక్కదాన్నే ఉండేదాన్ని. నా అరబ్బీ వంటింటి అరబ్బీ. సగం అర్థమయ్యేది, సగానికి తలూపేదాన్ని.

శుక్రవారం ఆమె పిల్లలంతా ఆ ఇంటికి భోజనానికి వచ్చేవారు. అది అక్కడి ఆచారం. తల్లి ఎక్కడుంటే ఆ వారం భోజనం అక్కడే. ఇద్దరు కొడుకులు, ఇంకో కూతురు, వాళ్ల పిల్లలు. నేను యుమ్మాకి మంచి బట్టలు కట్టి, జుట్టుకి సాంబ్రాణి లాంటి బఖూర్ పొగ పట్టి, చక్రాల కుర్చీలో హాల్లోకి తెచ్చేదాన్ని. కొడుకులు ఒకరి తర్వాత ఒకరు వంగి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టేవారు. ఆమె గడ్డం గుండెల మీదకి వాలి ఉండేది. పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం మధ్యలో పెట్టుకుని అందరూ తినేవారు. ఆమె అలాగే నిద్రపోతూ ఉండేది. భోజనాలయ్యాక మళ్లీ గదిలోకి తీసుకెళ్లేదాన్ని. అలా వారం వారం వాళ్లు చూసింది నిద్రపోతున్న తల్లినే.

ఒక శుక్రవారం చాయ్ ఇవ్వడానికి వెళ్తే పెద్ద కొడుకు మామాతో అంటున్నాడు.

"మనల్ని గుర్తుపట్టడం లేదు. ఇలా ఇంట్లో ఉంచి లాభమేముంది? ఆస్పత్రిలో ముసలివాళ్ల వార్డు ఉంది. అక్కడ నర్సులు ఉంటారు."

"సాయంత్రం లేస్తుంది అన్నా. ఇది చెప్తుంది, బాగా మాట్లాడుతుందని," అని మామా నా వైపు చూసింది.

"నువ్వు విన్నావా?"

మామాకి ఆఫీసు. సాయంత్రాలు పిల్లల చదువులు, సరుకులు, పెళ్లిళ్లు, పరామర్శలు. ఇంటికి వచ్చేసరికి ఒళ్లు అలిసిపోయి ఉండేది.

"ఈద్ దాకా చూద్దాం," అంది చివరికి. రంజాను నెల ఇంకా చాలా దూరంలో ఉంది అప్పటికి.

నాకున్న కోరిక ఒక్కటే. మెలకువగా ఉన్న యుమ్మాని ఆమె పిల్లలు ఒక్కసారి చూడాలి. చూస్తే వార్డు మాట ఎత్తరని నాకు నమ్మకం.

పగలు ఎలాగైనా మెలకువగా ఉంచమని డాక్టరు చెప్పాడట. మామా కూతురు, కాలేజీలో చదివే పిల్ల, ఒక పలక లాంటి ఫోను తెచ్చి యుమ్మా మంచం ముందు నిలబెట్టింది.

"ఇది దూరదేశంలో జంతువుల పార్కు. అక్కడ కెమెరా పెట్టారు. ఇప్పుడు జరుగుతున్నది ఇప్పుడే కనబడుతుంది," అంది.

చూస్తే కొమ్మల పంగలో ఏదో బూడిద రంగు మూట ఉంది. కదలడం లేదు.

"ఏంటమ్మా ఇది, ఎలుగుబంటి పిల్లా?"

"కోలా. మనకి మధ్యాహ్నమైతే వాళ్లకి రాత్రి. ఇవి రాత్రిళ్లే లేస్తాయి. అందుకే ఇది పెట్టాను, మన పగలు యుమ్మా చూడటానికి ఏదో ఒకటి కదులుతూ ఉంటుందని."

ఆ పిల్ల మంచి మనసుతోనే ఆలోచించింది. కానీ యుమ్మా ఒకసారి కళ్లు తెరిచి, దాన్ని చూసి, దానిలాగే నిద్రపోయింది. చూసింది నేను.

నెలల తరబడి చూశాను. చూడటానికి ఏమీ ఉండేది కాదు. వీపు చెట్టుకి ఆనించి, చేతులు ముడుచుకుని, తల వేలాడేసి పడుకునేది. ఎప్పుడైనా చెవి గోక్కునేది. పక్క మార్చుకునేది. మేం ఉదయం పలహారం పెట్టే వేళకి అక్కడ పొద్దు వాలేది. అప్పుడు నిక్కరు వేసుకుని, టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు పచ్చి కొమ్మల కట్ట చంకలో పెట్టుకుని వచ్చేవాడు. పాత కొమ్మలు తీసేసి, చెట్టు మొద్దుకి కట్టిన గొట్టాల్లో కొత్తవి గుచ్చేవాడు. అది కిందికి దిగి, ఒక్కొక్క ఆకే వాసన చూసి, కొన్ని వదిలేసి, కొన్ని నమిలేది. ఆ తర్వాత మళ్లీ నిద్ర. రాత్రి లేస్తుందని పిల్ల చెప్పింది గాని, దాని అసలైన మెలకువ ఆ మనిషి వచ్చే వేళే. అతను తలుపు తియ్యక ముందే దాని చెవులు కదిలేవి. పై కొమ్మ వదిలి కింది కొమ్మ మీదకి వచ్చి తలుపు వైపు ముఖం పెట్టి కూర్చునేది. ఒకరోజు అతను ఆలస్యం చేశాడు. నేను యుమ్మాకి గంజి తాగించి, పక్క గుడ్డలు మార్చి, వాటిని మిషన్లో వేసి తిరిగి వచ్చినా అది అలాగే తలుపునే చూస్తూ ఉంది.

పిల్లని అడిగితే చెప్పింది. అడవిలో అయితే దానిష్టం, చీకట్లో ఎప్పుడు లేవాలనిపిస్తే అప్పుడు లేస్తుంది. పార్కులో ఆకు తెచ్చే మనిషిని బట్టి పొద్దు లెక్క నేర్చుకుంటుంది. ఆ ఆకులో బలం తక్కువ, అరగడానికి చాలా సేపు పడుతుంది, అందుకే మిగతా పొద్దంతా నిద్ర.

ఆ కొమ్మలు చూడగానే నాకు ముందే అనుమానం వచ్చింది. పొడవాటి ఆకు, తెల్లగా నున్నగా కాడ. మా పశ్చిమ గోదావరి మెట్టలో జామాయిల్ అంటారు. కాగితం మిల్లుకి వేసే తోటలు. పెళ్లయిన కొత్తలో ఆ దుంగల బెరడు వలిచే కూలికి వెళ్లేదాన్ని. చేతులకి, చీరకి, అన్నం మూటకి అదే వాసన. మేకలు కూడా ఆ ఆకు ముట్టవు. మేక ముట్టని ఆకు తిని బతికే జీవిని చూస్తూ పరాయి దేశంలో కూర్చుంటానని అప్పుడు ఎవరైనా చెబితే నవ్వేదాన్ని.

ఆ ఇంటి డ్రైవరు రాయచోటి వైపు మనిషి. నాకంటే చిన్నవాడు, తమ్ముడూ అని పిలిచేదాన్ని. సరుకులు లోపల పెట్టడానికి వచ్చి, ఒకసారి గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏందిక్కా, పండుకున్న దానికి గూడా కెమెరా పెట్టినారే."

"అంతేగా మరి. తిని పడుకోవడమే దాని ఉద్యోగం."

"ఏం పుణ్యం జేసుకునిందో. నా మీద గూడా ఒగటి పెట్టమను, బండిలో ఎట్ల నిద్రపోతానో లోకమంతా సూస్తాది."

"ఆ ఆకు చూడు, మన జామాయిల్ ఆకే."

"అయ్యా, ఈ చెట్లు అహ్మది ఊర్లో ఉండాయి గదా. మా చిన్నాయన కొడుకు ఆడ కంపెనీ బస్సు నడుపుతాడు. ఎప్పుడో తెల్లోళ్లు నాటిన చెట్లంట. నీకు కావాల్నా?"

నేను అడగలేదు. అయినా ఆ వారంలోనే ఒక రెమ్మ తెచ్చిచ్చాడు. ఎండలో బండిలో ఉండి కాస్త వడిలింది. మగ్రిబ్ వేళ యుమ్మా లేచినప్పుడు ఒక ఆకు నలిపి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. ఊరికే, ఆ జంతువు తినేది ఇదేనని చూపించడానికి.

ఆమె ఆకు నా చేతిలోంచి లాక్కుంది. మళ్లీ వాసన చూసింది.

"ఇది మా ఇంటిది," అంది.

పెళ్లయ్యాక మొదట ఉన్నది అహ్మదిలోనట. భర్త చమురు కంపెనీలో పనివాడు, కంపెనీ ఇచ్చిన చిన్న ఇల్లు, గోడ పక్కన ఈ చెట్టు. పెద్ద కొడుక్కి జలుబు చేస్తే ఈ ఆకులు మరిగించి ఆవిరి పట్టేదట. వాడు దుప్పటి కింద నుంచి పారిపోయేవాడని, పట్టుకుని వీపు మీద ఒకటి వేసేదాన్నని చెప్పి నవ్వింది. మా ఊళ్లో మేమూ అలాగే ఆవిరి పడతామని చెప్పాను. ఆమె నన్ను కొత్తగా చూసింది.

"నీ కొడుకులూ పారిపోయేవారా?"

"నాకు కూతురే యుమ్మా. అది పారిపోదు, ఏడుస్తుంది."

"ఏడ్చేవాళ్లే నయం," అంది.

ఆ తర్వాత పలక మీది జంతువు వైపు చూసి, "నీ దుబ్బు లేచిందా?" అని అడిగింది. దుబ్బు అంటే ఎలుగుబంటి. దాన్ని ఆమె ఎప్పుడూ నా దుబ్బు అనే అనేది. అక్కడ అప్పుడు నడిరాత్రి. మసక వెలుతురులో అది కూడా మేలుకుని, మిగిలిన ఆకులేవో నెమ్మదిగా నములుతోంది. ఇద్దరం కాసేపు చూశాం.

మర్నాడు మామాకి చెప్పాను. ఆమె ఆఫీసుకి వెళ్లబోతూ చేతిసంచీ భుజాన వేసుకుని ఆగిపోయింది.

"అహ్మది ఇల్లా? ఆ మాటే అందా?"

"అంది మామా. ఆవిరి సంగతి, మీ అన్నగారి సంగతి."

"నన్ను పిలవాల్సింది."

"మీరు ఇంట్లో లేరు."

ఆమె తలూపి బయటికి వెళ్లింది.

రంజాను వచ్చింది. ఆ నెలలో అక్కడ మనుషుల పొద్దే మారిపోతుంది. ఆఫీసులు తక్కువ సేపు నడుస్తాయి. పగలు వీలైనంత సేపు అందరూ పడుకుంటారు. పొద్దు గూకి ఉపవాసం విడిచాక ఇల్లు మేలుకుంటుంది. యుమ్మా ఎప్పటిలా మగ్రిబ్ పిలుపుకి కళ్లు తెరిచింది. ఈసారి హాలు నిండా మనుషులున్నారు. కొడుకులు ఖర్జూరం నోట్లో పెట్టుకుని, నీళ్లు తాగి, తల ఎత్తేసరికి తల్లి వాళ్లనే చూస్తోంది.

"ఇంత లావయ్యావేంటి," అంది పెద్ద కొడుకుతో.

అతను నవ్వబోయి ఏడ్చాడు. యాభై దాటిన మనిషి, తెల్లటి అంగీతో ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చుండిపోయాడు.

ఆ నెల ప్రతి సాయంత్రం అలాగే గడిచింది. రాత్రిపూట చదివే తరావీహ్ నమాజు ముగించుకుని అందరూ ఆమె చుట్టూ చేరేవారు. నెల మధ్యలో గిర్‌గియాన్ అని పిల్లల పండగ వస్తుంది. రంగు బట్టలు వేసుకుని పాడుతూ మిఠాయిలు, పప్పులు అడుక్కుంటారు. యుమ్మా ఒళ్లో బుట్ట పెట్టుకుని బాగున్న చేత్తో గుప్పెడు గుప్పెడు పోసింది. ఒకడు రెండోసారి వస్తే చెవి పట్టుకుంది. మామా ఆ సాయంత్రమంతా ఆమె పక్క నుంచి లేవలేదు. పెద్ద కొడుకు చేతులు దులుపుకుని, "ఖలాస్. వార్డు మాట అయిపోయింది," అన్నాడు.

"రంజాను బరకత్ అక్కా," అన్నాడు డ్రైవరు. "ఈ నెల్లో అడిగితే దేవుడు కాదనడు."

నేనూ అదే అనుకున్నాను. నేను వేరే దేవుణ్ణి కొలిచేదాన్నయినా ఆ నెల ఆ ఇంటి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. యుమ్మాకి నయమైందని అందరిలాగే నమ్మాను. పలక లాంటి ఫోను అరలో పెట్టేశాం. దానితో ఇక పనేముంది?

ఈద్ వెళ్లిపోయింది. బళ్లు తెరిచారు, ఆఫీసులు పాత వేళలకి వచ్చాయి, ఎండ ముదిరింది. తర్వాతి శుక్రవారం భోజనానికి అందరూ పళ్లెం చుట్టూ కూర్చున్నారు. యుమ్మాని హాల్లోకి తెచ్చాను. గడ్డం గుండెల మీదకి వాలి ఉంది.

పెద్ద కొడుకు పిలిచాడు. మళ్లీ పిలిచాడు. భుజం పట్టుకుని కాస్త కదిపాడు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి, అంతే. అతను తన చోటుకి వెళ్లి కూర్చున్నాడు గాని అన్నం ముట్టలేదు.

"ఒక్కసారిగా ఆరోగ్యం పడిపోయింది," అన్నాడు.

తర్వాతి వారమూ అంతే. ఆ పై వారం కూడా. మామా వంటింట్లోకి వచ్చి, కుళాయి తిప్పి, నీళ్లు పోతుంటే వాటిని చూస్తూ నిలబడింది. నేను సబ్బు గిన్నె పక్కకి జరిపాను.

"యుమ్మాకి నయం కాలేదు," అంది. "జబ్బు పెరగనూ లేదు. ఆమె ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. ఆ నెల మేము మేలుకున్నాం, అంతే."

నాకు అప్పటికి గాని ఆ సంగతి తట్టలేదు. చేతులు తుడుచుకున్నాను.

"మరి అన్నగారికి చెప్పండి మామా."

"చెప్పాను. అతనికీ అర్థమైంది. ఏం చేస్తాడు? ఉద్యోగాలు మానుకుని అందరం రాత్రిళ్లు కూర్చుంటామా? ఏడాదంతా రంజాను ఉండదు కదా."

కుళాయి కట్టేసింది.

యుమ్మాని వార్డుకి మార్చారు. పగలు తోడుగా ఉండటానికి నన్ను పంపారు. డ్రైవరు పొద్దున్నే దింపి, సాయంత్రం తీసుకెళ్లేవాడు. మొదటి రోజు ఏమీ జోకులు వెయ్యలేదు. బండి ఆపి, "ముసలామెకు నా సలాం జెప్పక్కా," అన్నాడు.

వార్డులో తెరలు ఎప్పుడూ తీసే ఉండేవి. ఇంట్లో ఎండకి భయపడి కిటికీలకి రేకు కాగితం అంటించుకుంటారు. ఇక్కడ వెలుతురు మంచం దాకా వచ్చేది. రాత్రికి నిద్రమాత్ర, పొద్దున్నే దీపాలు, వేళకి తిండి ట్రాలీ. నర్సులు తిట్టేవారు కాదు, కొట్టేవారు కాదు. శుభ్రంగా చూసుకునేవారు. ట్రాలీకి ఒక చక్రం అరిగిపోయి కీచుమనేది, ఆ వరండా చివర నుంచే వినిపించేది.

మొదట్లో యుమ్మా పగలు నిద్రపోయేది, లేపి తినిపించేవారు. తర్వాత తర్వాత ట్రాలీ వచ్చేసరికి కళ్లు తెరిచి ఉండేది. ఎండాకాలం గడిచేసరికి, చక్రం చప్పుడు కూడా మొదలవకముందే తల తిప్పి తలుపు వైపు చూడటం మొదలుపెట్టింది. తిన్నాక కళ్లు మూసుకునేది. మళ్లీ మధ్యాహ్నం ట్రాలీకి తెరిచేది. డాక్టరు సంతోషించాడు. పగలు పగలైంది, రాత్రి రాత్రైంది.

మాటలు మాత్రం తగ్గిపోయాయి. అడిగితే తలూపేది. కబుర్లు చెప్పే వేళ ఆమెకి మాత్ర వేసేసేవారు. నా దుబ్బు సంగతి అడగడం మానేసింది. డ్రైవరు మళ్లీ అహ్మది నుంచి రెమ్మ తెచ్చాడు. నలిపి ముక్కు దగ్గర పెట్టాను. ముఖం పక్కకి తిప్పుకుంది. ఆకుని మంచం పక్క బల్ల మీద పెడితే, వార్డులో పచ్చి ఆకులు ఉండకూడదని నర్సు తీసి చెత్తబుట్టలో వేసింది.

ఆ ట్రాలీకి ఈ ట్రాలీకి మధ్య పొద్దు పోయేది కాదు. పక్క మంచం ముసలమ్మకి తోడుగా వచ్చిన కడప ఆవిడ ఒకామె ఆ వేళల్లోనే నాకు తెలుగు అక్షరాలు దిద్దబెట్టింది. "పిల్లలట్ల సిగ్గుపడొద్దు, రాయి," అనేది. యుమ్మా నిద్రలో ఉండగా రాసేదాన్ని, చక్రం చప్పుడు వినగానే ఆపేదాన్ని. ఇప్పటికీ రాస్తూ రాస్తూ, వరండాలో ఏదైనా కీచుమంటే నా చెయ్యి ఆగిపోతుంది.

కొడుకులు, కూతుళ్లు సాయంత్రాలు వచ్చేవారు. అప్పటికి ఆమెకి మళ్లీ కునుకు పట్టి ఉండేది. నుదుటి మీద ముద్దు పెట్టి, కాసేపు కూర్చుని వెళ్లిపోయేవారు. పొద్దున్న మెలకువగా ఉంటుందని మామాకి చెప్పాను. ఆమె ఒకరోజు ఆఫీసుకి సెలవు పెట్టి ఉదయమే వచ్చింది. చేతిలో యుమ్మాకి ఇష్టమైన గహ్వా కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా ఉన్నాయి. ఇస్త్రీ చేసిన బట్టలు వేసుకుని, అత్తరు రాసుకుని వచ్చింది, ఎవరింటికో విందుకి వెళ్తున్నట్టు.

యుమ్మా కళ్లు తెరిచి ఉన్నాయి. తలుపు వైపే చూస్తోంది. మామా తలుపులో నిలబడి ఆ కళ్లు చూసి ఆగిపోయింది.

"సబాహ్ అల్‌ఖైర్ యుమ్మా," అని నెమ్మదిగా పొద్దుటి పలకరింపు పలికింది.

యుమ్మా తల కాస్త పక్కకి వంచింది. ఆమె చూపు మామా భుజం మీదుగా వరండాలోకి పోయింది. మామా దగ్గరికి రెండడుగులు వేసింది. యుమ్మా తల ఇంకో పక్కకి వంచింది.

మామా వెనక్కి తిరిగి చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"ఎవరి కోసం చూస్తోంది?" అని నన్ను అడిగింది.

"ట్రాలీ కోసం మామా."

అప్పుడు వరండా చివర చక్రం కీచుమంది. మామా గోడ వైపుకి తప్పుకుని దారి ఇచ్చింది. ట్రాలీ లోపలికి వచ్చింది. యుమ్మా నోరు తెరిచింది. నర్సు చెంచా ఎత్తబోతే మామా ఫ్లాస్కు నా చేతికిచ్చి, గిన్నె తీసుకుని మంచం అంచు మీద కూర్చుంది. తానే తినిపించింది. యుమ్మా చెంచానే చూస్తూ తిన్నది. గిన్నె ఖాళీ కాగానే కళ్లు మూసుకుంది.

మామా ఖాళీ గిన్నె ఒళ్లో పెట్టుకుని చాలా సేపు కూర్చుంది.

"మళ్లీ ఎప్పుడు లేస్తుంది?"

"మధ్యాహ్నం ట్రాలీ వచ్చినప్పుడు," అన్నాను.

"అప్పటిదాకా ఉంటాను," అంది.

నా చేతిలోంచి ఫ్లాస్కు తీసుకుని, మూత విప్పి నాకు గహ్వా పోసింది. ఆ ఇంట్లో అన్నేళ్లలో ఆమె నాకు పొయ్యడం అదే మొదలు. ఇద్దరం తాగుతూ, నిద్రపోతున్న ఆమెని చూస్తూ కూర్చున్నాం.